కెమిస్ట్రీలో యూనిట్లు, కన్వర్షన్లు: ఫస్ట్ ఇయర్ పిల్లలు మాటిమాటికీ అడిగే డౌట్లు

నెల్లూరులో ఇంటర్ ఫస్ట్ ఇయర్ పిల్లలకి చాలా ఏళ్లుగా కెమిస్ట్రీ ట్యూషన్ చెప్తున్నా. ప్రతి జూన్‌లో కొత్త బ్యాచ్ వస్తుంది, మొఖాలు మారతాయి, డౌట్లు మాత్రం అవే. "మోల్ కాన్సెప్ట్ అర్థం కావట్లేదు సార్" అని వచ్చే పిల్లల నోట్సు తీసి చూస్తే చాలాసార్లు మోల్ దగ్గర తప్పుండదు, మిల్లీగ్రాముని గ్రాము చేసే దగ్గరే లెక్క పక్కకి పోయుంటుంది. అందుకని వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి ఒకచోట రాస్తున్నా. మీ డౌట్ ఏదో దాని దగ్గరికి నేరుగా పోయి చదువుకోండి, వరసగా చదవాల్సిన పన్లేదు.

## మొదటి వారం డౌట్లు

అంకె కరెక్టే కదా సార్, పక్కన యూనిట్ రాయకపోతే ఏమవుద్ది?

యూనిట్ లేకపోతే అసలు ఆ అంకెకి అర్థమే లేదు. మన నెల్లూరు వైపు వడ్లు పుట్టి లెక్కన అమ్ముతారు, పుట్టంటే 850 కిలోలు. ఒక రైతు "పదిహేడు వేలకి ఇచ్చేసినా" అంటే మనకి అర్థమైపోతుంది, పుట్టి 17,000 అంటే కిలో 20 రూపాయలు పడింది, క్వింటాలు లెక్కన 2,000. అదే మాట పుట్టి లెక్క తెలియని ఊళ్లో చెప్తే క్వింటాలే 17,000 అనుకుంటారు, కిలో 170 అన్నమాట. అంకె ఒకటే, యూనిట్ నోటితో చెప్పకపోయేసరికి ధర ఎనిమిదిన్నర రెట్లు తేడా వచ్చేసింది.

పెద్దోళ్లకి కూడా ఇది జరిగింది. 1999లో నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దాకా పోయి అక్కడ పోయింది, కారణం ఒక టీమ్ లెక్కలు పౌండ్లలో ఇస్తే రెండో టీమ్ వాటిని న్యూటన్లు అనుకుని వాడేసింది. అంకెలు రెండు వైపులా కరెక్టే. కాబట్టి ఆన్సర్ దగ్గర మాత్రమే కాదు, లెక్కలో ప్రతి లైన్లోనూ యూనిట్ రాయండి, ఎంత టైమ్ పట్టినా సరే.

మెట్రిక్ అన్నా ఎస్ఐ అన్నా ఒకటేనా?

దాదాపు ఒకటే కుటుంబం. మెట్రిక్ పద్ధతి 1790ల్లో ఫ్రాన్స్‌లో మొదలైంది, మీటరు, గ్రాము, లీటరు అందులోవే. దాన్నే సర్ది, దేశాలన్నీ ఒప్పుకున్న ఆరు మూల యూనిట్ల మీద నిలబెట్టి 1960లో ఎస్ఐ అని పేరు పెట్టారు, 1971లో మోల్ కూడా చేరాక అవి ఏడు అయినాయి. కెమిస్ట్రీలో మనం రోజూ వాడే లీటరు ఎస్ఐ యూనిట్ కాదు గానీ దాన్ని ఎస్ఐతో కలిపి వాడొచ్చని ఒప్పుకున్నారు, అందుకని భయం లేకుండా వాడుకోవచ్చు.

మెట్రిక్ గొప్పతనం ఏందో తెలియాలంటే ఇంట్లో తాతనో అవ్వనో పాత కొలతలు అడగండి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, ఎనిమిది వీశెలు ఒక మణుగు, పదహారు అణాలు ఒక రూపాయి. ప్రతి మెట్టుకీ వేరే అంకె. మన దేశంలో తూనికలు కొలతల చట్టం 1956లో వచ్చింది, 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి వంద నయాపైసలు అయినాయి. అప్పట్నుంచి అన్నీ పదుల లెక్కే, పాయింట్‌ని అటూ ఇటూ జరిపితే సరిపోద్ది.

కిలో, హెక్టో, డెకా, డెసి, సెంటి, మిల్లీ, మైక్రో, నానో, పైకో... ఇన్ని ఎట్ట గుర్తుపెట్టుకోవాలి?

అన్నీ ఒకేసారి బట్టీ కొట్టొద్దు, ముందు ఆరు చాలు. కిలో అంటే వెయ్యి రెట్లు. సెంటి అంటే వందో వంతు. మిల్లీ వెయ్యో వంతు. ఆ తర్వాత ప్రతి మెట్టూ ఇంకో వెయ్యి కిందికి: మైక్రో పది లక్షల్లో ఒక వంతు, నానో వంద కోట్లలో ఒక వంతు, పైకో లక్ష కోట్లలో ఒక వంతు. పవర్లలో రాస్తే 10⁻³, 10⁻⁶, 10⁻⁹, 10⁻¹², మూడు మూడు తగ్గుతూ పోతాయి. సెంటి ఒక్కటే ఈ వరసలో ఇమడదు, అది 10⁻².

డెసి పదో వంతు, దాంతో లీటరు దగ్గర పనిబడుద్ది. హెక్టో అంటే వంద, అది హెక్టారులో దాక్కుని ఉంది. ఈ రెండూ అవసరం వచ్చినప్పుడు నేర్చుకోవచ్చు.

ఇంట్లో మందుల డబ్బా తీసి చూడండి. పారాసిటమాల్ బిళ్ల మీద 500 మిల్లీగ్రాములు అని ఉంటది. థైరాయిడ్ మాత్ర మీద 50 మైక్రోగ్రాములు అని ఉంటది. చేతిలో పెట్టుకుంటే రెండూ బిళ్లలే, కానీ ఒకదాంట్లో మందు ఇంకోదానికి పది వేల రెట్లు. మైక్రోని మిల్లీ అని చదివితే వెయ్యి రెట్లు ఎక్కువ మందు ఇచ్చినట్టే, అందుకే ఈ మాటల్ని అంత జాగ్రత్తగా చూడమని నేను వెంటబడేది.

పెద్ద అక్షరం రాసినా చిన్న అక్షరం రాసినా మార్కులు పోతాయా?

పోతాయి, పోవాలి కూడా. ఇంగ్లిష్‌లో చిన్న ఎమ్ మిల్లీకి, మీటరుకి. పెద్ద ఎమ్ మెగాకి, మోలారిటీకి. చిన్న కె కిలోకి, పెద్ద కె కెల్విన్‌కి. మైక్రోకి వాడేది గ్రీకు అక్షరం మ్యూ, దాన్ని హడావుడిగా రాస్తే ఎమ్ లాగానో యు లాగానో కనిపిస్తది, ఎడమ పక్క తోక కిందికి స్పష్టంగా లాగండి.

## కన్వర్షన్లు చేసేటప్పుడు

వెయ్యితో గుణించాల్నా, భాగించాల్నా? ప్రతిసారీ కన్ఫ్యూజ్ అవుతున్నా

ఇది నన్ను అందరికంటే ఎక్కువ మంది అడిగిన ప్రశ్న, కొంచెం ఓపిగ్గా చదవండి. ఒకసారి బోర్డు మీద ఒక అమ్మాయి 250 మిల్లీగ్రాముల్ని గ్రాములు చెయ్యమంటే 2,50,000 గ్రాములు అని రాసింది. తప్పు అని చెప్పలేదు, ఆ గ్రాముల్ని కిలోల్లోకి మార్చమన్నా. 250 కిలోలు అంది. క్వింటాళ్లలో అన్నా. రెండున్నర క్వింటాళ్లు అంది, ఆ మాట తన నోట్లోంచి వచ్చిన వెంటనే తనే డస్టర్ తీసుకుని చెరిపేసింది. బిళ్లలో ఉండే మందు రెండున్నర క్వింటాళ్లు ఎట్ట ఉంటది?

గుణించాలా భాగించాలా అనేది గుర్తుపెట్టుకునే విషయం కాదు, యూనిట్లే చెప్తాయి. 1 గ్రాము, 1000 మిల్లీగ్రాములు రెండూ ఒకటే బరువు కదా, అందుకని ఒకదాన్ని పైనా ఇంకోదాన్ని కిందా పెట్టి రాస్తే దాని విలువ ఒకటి. ఒకటితో దేన్ని గుణించినా అది మారదు. కాబట్టి ఎప్పుడూ గుణించడమే, ఏది పైన పెట్టాలి ఏది కింద పెట్టాలి అన్నదొక్కటే ప్రశ్న. పోగొట్టుకోవాల్సిన యూనిట్ కింద ఉండాలి, కావాల్సింది పైన. 250 మి.గ్రా. × (1 గ్రా. / 1000 మి.గ్రా.) అని రాసి పైన మి.గ్రా., కింద మి.గ్రా. కొట్టెయ్యండి, పెన్నుతో నిజంగా గీత గీసి కొట్టెయ్యండి. మిగిలింది గ్రాములు, అంకె 0.25.

పొరపాటున తిరగేసి పెట్టారనుకోండి, యూనిట్లు కొట్టుకోవు, మి.గ్రా. మీద మి.గ్రా. గుణించి చివర్లో ఏదో వింత యూనిట్ మిగులుద్ది. తప్పు అక్కడే కనబడిపోద్ది, ఎవరూ చెప్పక్కర్లేదు. పుస్తకాల్లో దీన్నే యూనిట్ ఫ్యాక్టర్ పద్ధతి అంటారు. చివర్లో ఒక్క చూపు చూసుకోండి: పెద్ద యూనిట్‌లోకి పోతే అంకె చిన్నదవ్వాలి. వెయ్యి రూపాయలకి రూపాయి బిళ్లలైతే వెయ్యి కావాలి, ఐదొందల నోట్లైతే రెండే చాలు.

ఒకేసారి రెండు యూనిట్లు మార్చాలంటే ఏం చెయ్యాలి?

తొందరపడకుండా ఒక్కో యూనిట్‌ని ఒక్కో బ్రాకెట్‌తో మార్చుకుంటూ పోవాలి. పాదరసం సాంద్రత 13.6 గ్రాములు పర్ క్యూబిక్ సెంటీమీటర్, దాన్ని కిలోలు పర్ క్యూబిక్ మీటర్ చెయ్యమన్నారనుకుందాం. ముందు గ్రాముల కోసం (1 కిలో / 1000 గ్రా.) పెట్టండి. తర్వాత సెంటీమీటర్ల కోసం (100 సెం.మీ. / 1 మీ.) పెట్టి దాని మొత్తానికి క్యూబ్ వెయ్యండి. 13.6 × 10⁶ ÷ 10³, అంటే 13,600. పిల్లలు నోటితో చేసేసి 13.6 కే ఆన్సర్ వదిలేస్తారు, లేదా 1360 అంటారు. బ్రాకెట్లు రాసినోడు ఆ తప్పు చెయ్యడు.

మీటరుకి వంద సెంటీమీటర్లైతే క్యూబిక్ మీటరుకి కూడా వందే కదా?

కాదు. దీనికి ఉదాహరణ నెల్లూరులో ప్రతి ఇంట్లో ఉంది. మనం స్థలాలు అంకణాల్లో కొంటాం, ఇక్కడ అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. ఇప్పుడు చూడండి, పొడవులో గజానికి 3 అడుగులే. కానీ 8 గజాల స్థలం 24 చదరపు అడుగులు కాదు, 72. ఎందుకంటే చదరపు గజం అంటే పొడవు 3 అడుగులు, వెడల్పు 3 అడుగులు, మొత్తం 9. స్థలం బేరంలో ఎవరూ ఈ తప్పు చెయ్యరు, పరీక్షలో మాత్రం చేస్తారు.

ఎత్తు కూడా ఉంటే ఇంకోసారి గుణించాలి. క్యూబిక్ మీటర్ అంటే 100 × 100 × 100, పది లక్షల క్యూబిక్ సెంటీమీటర్లు. చీమకుర్తి నుంచి లారీల మీద నల్ల గ్రానైట్ దిమ్మలు పోతుంటాయి చూశారా, అవి క్యూబిక్ మీటర్లలో కొలుస్తారు. ఒక్క క్యూబిక్ మీటర్ దిమ్మ ఇంచుమించు మూడు టన్నులు. వంద సీసీలే, అంటే వంద క్యూబిక్ సెంటీమీటర్లే ఉంటే అది టీ గ్లాసు అంత రాయి, దానికి లారీ ఎందుకు?

లీటరు, డెసిమీటర్ క్యూబ్, సీసీ, ఎంఎల్... ఏది దేనికి సమానం?

ఎంఎల్, సీసీ ఒకటే. లీటరు, డెసిమీటర్ క్యూబ్ ఒకటే. డెసిమీటర్ అంటే 10 సెంటీమీటర్లు, అన్ని పక్కలా 10 సెంటీమీటర్లు ఉన్న డబ్బాలో 1000 సీసీలు పడతాయి, అదే లీటరు. క్యూబిక్ మీటర్‌లో 1000 లీటర్లు. మేడ మీద వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు ఉంటే దాని నీళ్లు కరెక్టుగా ఒక క్యూబిక్ మీటర్, బరువు ఒక టన్ను.

లీటరంటే కిలోనే కదా సార్?

నీళ్లకైతే అవును, అన్నిటికీ కాదు. వంటింట్లో నూనె ప్యాకెట్ తీసి అడుగున చిన్న అక్షరాలు చదవండి, 1 లీటరు అని పక్కనే 910 గ్రాములు అని రాసుంటారు. నూనె సాంద్రత మిల్లీలీటరుకి 0.91 గ్రాములు, నీళ్ల కంటే తక్కువ, అందుకే నీళ్ల మీద తేలుద్ది. ల్యాబ్‌లో గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌ది 1.84, అది ఒక లీటరు 1.84 కిలోలు తూగుద్ది. లీటరు అనేది చోటు, కిలో అనేది పదార్థం. ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవాలంటే మధ్యలో సాంద్రత అనే వంతెన దాటాల్సిందే. లెక్కలో నీళ్లు అని చెప్పకుండా ఎంఎల్ ఇస్తే ముందు సాంద్రత ఎక్కడుందో వెతకండి.

## కెమిస్ట్రీలోకి దిగాక

పీపీఎమ్ అంటే ఏంది? దాన్ని గ్రాముల్లోకి ఎట్ట మార్చాలి?

పది లక్షల వంతుల్లో ఒక వంతు. పలచగా కరిగిన నీళ్ల విషయంలో 1 పీపీఎమ్ అంటే లీటరుకి 1 మిల్లీగ్రాము అని తీసుకోవచ్చు, లీటరు నీళ్లు కిలో, కిలోలో మిల్లీగ్రాములు పది లక్షలు, అందుకని.

ప్రకాశం వైపు పిల్లలకి ఇది పుస్తకం మాట కాదు. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల పళ్లు పచ్చబడి, ఎముకలు వంగిపోయిన మనుషుల్ని మనం చూస్తూనే ఉన్నాం. తాగే నీళ్లలో ఫ్లోరైడ్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు, అంటే 1.5 పీపీఎమ్. 20 లీటర్ల క్యాన్‌లో మొత్తం 30 మిల్లీగ్రాములు, ఉప్పు రాళ్లు నాలుగైదు కూడా రావు. అంత చిన్న బరువు మనిషి ఎముకని మార్చేస్తుంది కాబట్టే ఈ యూనిట్‌ని తేలిగ్గా తీసుకోవద్దని చెప్తున్నా.

రొయ్యల గుంటల దగ్గర కూడా రోజూ ఇదే లెక్క. హెక్టారు గుంటలో ఒకటిన్నర మీటరు లోతు నీళ్లున్నాయి, ఏదైనా మందు 1 పీపీఎమ్ వెయ్యాలి, ఎన్ని కిలోలు? హెక్టారు 10,000 చదరపు మీటర్లు, లోతుతో గుణిస్తే 15,000 క్యూబిక్ మీటర్లు, అంటే కోటిన్నర లీటర్లు. లీటరుకి మిల్లీగ్రాము చొప్పున కోటిన్నర మిల్లీగ్రాములు, 15 కిలోలు. మీ నాన్న గుంట చేస్తుంటే ఈ లెక్క ఆయన ముందు చేసి చూపించండి.

మోల్ కూడా కిలో, లీటరు లాగా యూనిటేనా?

యూనిటే, కాకపోతే అది ఎన్ని ఉన్నాయి అని చెప్పే యూనిట్. డజను అంటే 12, మోల్ అంటే 6.022 × 10²³. అంత చిన్నవాటిని ఎవరు లెక్కపెడతారు అంటే, లెక్కపెట్టరు, తూకం వేస్తారు. రొయ్యల కాటా దగ్గర నిలబడితే ఇదే కనబడుద్ది. 50 కౌంట్ అంటే కిలోకి 50 రొయ్యలు, ఒక్కోటి 20 గ్రాములు. రెండు టన్నులు తూగితే లక్ష రొయ్యలు అని ఒక్కటి కూడా చేత్తో లెక్కపెట్టకుండా చెప్పేస్తారు. అట్టాగే నీళ్ల మోలార్ బరువు, అంటే ఒక మోల్ నీళ్ల బరువు, 18 గ్రాములు, 250 ఎంఎల్ గ్లాసులో నీళ్లు 250 గ్రాములు, 250 ÷ 18 చేస్తే దాదాపు 13.9 మోల్స్. కౌంట్ తిరగేసిన రూపంలో ఉంటది, మోలార్ బరువు సూటిగా ఉంటది, అంతే తేడా.

మోలారిటీ లెక్కలో ఆన్సర్ వెయ్యి రెట్లు తక్కువ వస్తాంది, ఎక్కడ తప్పు?

మోలారిటీ అంటే లీటరు ద్రావణంలో ఎన్ని మోల్స్ ఉన్నాయి అని. మీరు ఎంఎల్‌ని లీటరు చెయ్యకుండా భాగించుంటారు. 4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్, 250 ఎంఎల్ ద్రావణం. మోలార్ బరువు 40, కాబట్టి 0.1 మోల్. 250 ఎంఎల్ అంటే 0.25 లీటర్లు. 0.1 ÷ 0.25, అంటే 0.4 మోలార్. నేరుగా 250 తో భాగిస్తే 0.0004 వస్తుంది. ఇంకోటి, ఆ లీటరు ద్రావణానిది, పోసిన నీళ్లది కాదు.

కెల్విన్‌లోకి ఎందుకు మార్చాలి, సెంటీగ్రేడ్‌లో చేస్తే రాదా?

గ్యాసుల లెక్కల్లో రాదు. 27 డిగ్రీల గ్యాసుని 54 డిగ్రీలకి వేడి చేస్తే, పీడనం మారకపోతే, ఘనపరిమాణం రెట్టింపు అవుద్దని చాలామంది రాస్తారు. కెల్విన్‌లో అవి దాదాపు 300, 327. అంటే తొమ్మిది శాతం మాత్రమే పెరిగింది. సెంటీగ్రేడ్‌లో సున్నా అంటే మనుషులు పెట్టుకున్న గుర్తు, మంచు కరిగే చోటు. కెల్విన్ సున్నా నిజంగా అడుగు. 273.15 కలపండి, మామూలు లెక్కలకి 273 చాలు. తేడా మాత్రం రెండిట్లోనూ ఒకటే, రోహిణి కార్తెలో ఎండ నిన్నటికంటే 2 డిగ్రీలు పెరిగిందంటే 2 కెల్విన్లే పెరిగింది.

ఒక పుస్తకంలో 22.4 లీటర్లు, ఇంకోదాంట్లో 22.7, ఏది రైటు?

రెండూ రైటే, పీడనం వేరు. ఇది ఒక మోల్ గ్యాసు ఘనపరిమాణం, సున్నా డిగ్రీల దగ్గర 1 అట్మాస్ఫియర్ తీసుకుంటే 22.4, 1 బార్ తీసుకుంటే 22.7. ప్రశ్నలో అట్మాస్ఫియరా బారా చూసి రాయండి.

ఆర్ విలువ 0.0821 ఎప్పుడు, 8.314 ఎప్పుడు?

ఆర్ అంటే గ్యాసుల లెక్కల్లో వచ్చే గ్యాస్ స్థిరాంకం. లెక్కలో లీటర్లు, అట్మాస్ఫియర్లు ఉంటే 0.0821. జౌల్స్ కావాలన్నా, పాస్కల్స్, క్యూబిక్ మీటర్లు ఇచ్చినా 8.314. పీడనం పాదరసం మిల్లీమీటర్లలో ఇస్తే ముందు 760 తో భాగించి అట్మాస్ఫియర్ చేసుకోండి.

ఆంగ్‌స్ట్రామ్, నానోమీటర్, పైకోమీటర్ కలిసిపోతున్నాయి

నానోమీటర్‌లో 10 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఆంగ్‌స్ట్రామ్‌లో 100 పైకోమీటర్లు. కార్బన్ కార్బన్ సింగిల్ బాండ్ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు: 154 పైకోమీటర్లు, 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు, 0.154 నానోమీటర్లు.

## ల్యాబ్‌లో, పరీక్ష ముందు

బ్యూరెట్ రీడింగ్ 12 అని రాస్తే మేడం 12.0 రాయమంటున్నారు, రెండూ ఒకటే కదా?

ఒకటి కాదు. మన బ్యూరెట్ మీద చిన్న గీత 0.1 ఎంఎల్. 12.0 అంటే పాయింట్ తర్వాత అంకె కూడా చూశాను, అది సున్నా అని చెప్పడం. 12 అంటే అక్కడిదాకా చూడలేదని అర్థం. లీటర్లలోకి మార్చినా ఆ నమ్మకం పెరగదు, తగ్గదు: 12.4 ఎంఎల్ అంటే 0.0124 లీటర్లు, రెండిట్లోనూ లెక్కకొచ్చే అంకెలు మూడే, ముందున్న సున్నాలు చోటు చూపించడానికి మాత్రమే.

తెలుగు మీడియం నుంచి వచ్చాను, ఈ ఇంగ్లిష్ పదాలన్నీ నాకు వస్తాయా?

వస్తాయి, చాలావరకు మీకు వచ్చేసినాయి కూడా. కిలో, క్వింటాలు, లీటరు, సీసీ, ఎంఎల్ అన్నీ మీ ఇంట్లో రోజూ వాడే మాటలే. ద్రవ్యరాశి అంటే మాస్, ఘనపరిమాణం అంటే వాల్యూమ్, సాంద్రత అంటే డెన్సిటీ, గాఢత అంటే కాన్సంట్రేషన్. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి పుస్తకం అట్ట లోపల అతికించుకోండి, నెలలోపే అది చూడాల్సిన అవసరం ఉండదు. నా దగ్గర కన్వర్షన్లలో తప్పు చెయ్యని పిల్లల్లో తెలుగు మీడియం వాళ్లు చాలామంది ఉన్నారు, రెండు భాషల్లో ఆలోచించి నిదానంగా రాస్తారు కాబట్టి.

పరీక్షకి ముందు ప్రాక్టీస్‌కి ఏం లెక్కలు చెయ్యాలి?

పుస్తకంలోవి చెయ్యండి, వాటితో పాటు ఇంట్లో అంకె కనబడిన ప్రతిదాన్నీ పట్టుకోండి. నగల షాపు బిల్లు మంచి లెక్క. సవర బంగారం అంటే 8 గ్రాములు, బిల్లులో 8.000 అని ఉంటది, అంటే మిల్లీగ్రాము దాకా తూశారు. హాల్‌మార్క్ 916 అంటే వెయ్యికి 916 వంతులు మేలిమి, కాబట్టి అందులో అసలు బంగారం 7.328 గ్రాములు. బంగారం మోలార్ బరువు 197, భాగిస్తే 0.0372 మోల్. దాన్ని 6.022 × 10²³ తో గుణిస్తే మీ అమ్మ మెళ్లో సవర గొలుసులో ఎన్ని బంగారు పరమాణువులున్నాయో వస్తుంది, 2.24 × 10²² రావాలి. ప్రతి లైన్లో యూనిట్ రాసి, కొట్టేసుకుంటూ చెయ్యండి.